మాగిన సిగార్ కొనాలా? కొత్తది కొని మనమే మాగబెట్టాలా?

ముందు ఒక మాట. పొగాకు ఏ రూపంలో ఉన్నా ఆరోగ్యానికి హానికరమే. సిగార్ ఎన్నేళ్లు మాగినా ఆ హాని తగ్గదు. ఇక విషయానికి వద్దాం.

కొత్తగా చుట్టిన సిగార్‌లో ఒక్కోసారి అమ్మోనియా వాసన వస్తుంది, ఘాటు గొంతుకి తగులుతుంది. సరైన తేమలో నెలలు, ఏళ్లు ఉంచితే ఆ వాసన పోయి రుచి మెత్తబడుతుంది. మరి మాగినదే కొనొచ్చు కదా? కొనొచ్చు. కానీ అక్కడ మీరు డబ్బులిచ్చేది వయసుకి కాదు, వేరేవాళ్లు దాన్ని కాపాడిన తీరుకి. పాత బియ్యానికి రేటెక్కువ ఎందుకు? ఏడాది పాటు పురుగు పట్టకుండా, తడి తగలకుండా ఎవరో దాచారు కాబట్టి. ఇదీ అంతే.

క్యూబా సిగార్ పెట్టె అడుగున ఫ్యాక్టరీ కోడ్, నెల, సంవత్సరం ముద్ర ఉంటాయి. దాన్నిబట్టి వయసు తెలుస్తుంది. మధ్యలో ఏ గోడౌన్‌లో ఎండిందో తెలీదు. హబానోస్ కంపెనీ 'అన్యెహాడోస్' పేరుతో క్యూబాలోనే కనీసం 5 ఏళ్లు మాగబెట్టి అమ్మేది ఇందుకే. అక్కడ కాపాడింది ఎవరో మనకి తెలుసు.

ఇంట్లో మాగబెట్టాలంటే తేమ 65 నుంచి 70 శాతం, ఉష్ణోగ్రత 18 నుంచి 21 డిగ్రీలు ఉండాలి. ఏడాదంతా, రాత్రీ పగలూ. నేను తేమ ఒక్కటే చూసుకున్నా. ఏప్రిల్‌లో హైదరాబాద్ ఫ్లాట్‌కి తాళం వేసి, నెలన్నర మా ఊళ్లో ఉండి పనిచేశా. తిరిగొచ్చేసరికి 25 సిగార్లలో 9 సిగార్లకి పిన్నుతో గుచ్చినట్టు బొక్కలు! పొగాకు పురుగు. ఆకులో దాగిన గుడ్లు 24 డిగ్రీలు దాటితే పొదుగుతాయి. మా బాబాయ్ చూసి, "బియ్యానికి పట్టినట్టే పట్టిందిరా" అన్నాడు.

అందుకే రెండు జాగ్రత్తలు. ఒకటి, తెచ్చిన సిగార్లని గాలి చొరబడని కవర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజు, ఫ్రీజర్‌లో 3 రోజులు, మళ్లీ ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచండి. రెండు, తేమ మీటర్‌ని నమ్మే ముందు టెస్ట్ చేయండి. మూతలో కాస్త ఉప్పు తడిపి, మీటర్‌తో పాటు డబ్బాలో మూసి ఒక రోజు ఉంచితే 75 చూపాలి. 70 చూపిస్తే మీ మీటర్ 5 తక్కువ చెప్తున్నట్టు.

ఇంతకీ ఏది మేలు? వేసవిలో కూడా ఇంట్లో చల్లదనం నిలబెట్టలేకపోతే మాగినదే కొనండి. కానీ పెట్టె మొత్తం వద్దు. ముందు ఒక్కటి కొని చూడండి, షాపులో ఎక్కడ, ఎలా ఉంచారో అడిగి చూసుకోండి. నిలబెట్టగలిగితే కొత్త పెట్టె కొని, ఆరు నెలలకొకటి తీసి రుచి ఎలా ఉందో రాసుకోండి. ఎంత పాతదైతే అంత గొప్ప అనుకోవద్దు, తేలికపాటి సిగార్లు మరీ ఏళ్లు ఉంచితే చప్పబడతాయి. రుచి బాగున్న దగ్గర ఆపేయడం మన చేతిలో ఉంటుంది. అది మాత్రం ఏ షాపూ అమ్మదు.