వ్రాతకొక లెక్క

వారమున కొక వ్యాసము వ్రాయుదమని పూనుకొని, మొదటి వారముననే నాలుగు వ్రాసి, రెండవ నెలకు కలము మూసివేయువారిని మేము పలువురను ఎరుగుదుము. లోపము ఉత్సాహమున లేదు; వేసికొనిన లెక్కలో నున్నది.

ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగము చేయుచునే అనేక నవలలు వ్రాసెను. మరణానంతరము 1883లో వెలువడిన ఆత్మకథలో తన పద్ధతిని దాపరికము లేక చెప్పినాడు. ఉదయము అయిదున్నరకు బల్లయొద్ద కూర్చుండుట; ముందొక అరగంట వెనుకటి వ్రాత చదువుకొనుట; పిమ్మట గడియారము నెదుట నుంచుకొని పావుగంటకు 250 మాటలు. ఇట్లు మూడు గంటలు. తన్ను మేల్కొలుపు ముసలి సేవకునకు ఏటా 5 పౌండ్లు అదనముగా నిచ్చెడివాడట! ఏనాటి పుటల లెక్క ఆనాడే చిట్టాలో వ్రాసికొనువాడు. వారమునకు సగటున 40 పుటలు. వీలు చాలనప్పుడు ఆ మొత్తమును 20కి తగ్గించుకొనెను.

ఆ మూడు గంటలు మనకు దొరకవు. గ్రహింపవలసినది ఆ 20. ఇంటి పనులు, ఉద్యోగపు పనులు ముగిసిన పిదప దినమునకు అరగంట చిక్కునేని, వారమునకు రెండు పుటలు చాలును. అందు మొదటి అయిదు నిమిషములు నిన్నటి పుటకే. పెండ్లిండ్ల మాసము రాకమునుపే ఒకటి రెండు వ్యాసములు పూర్తిచేసి దాచుకొనవలెను. జ్వరమో, చుట్టములో వచ్చిన వారమున అవి అక్కరకు వచ్చును.