పెంకుల గుట్ట కింద సాల్టరెల్లో

రోమ్ నగరంలో టైబర్ నదికి దగ్గరగా ఒక గుట్ట ఉంది. ఎత్తు సుమారు 35 మీటర్లు. పైన గడ్డి, పొదలు. కాస్త గీకి చూస్తే మాత్రం రాయి తగలదు, కుండ పెంకులు తగులుతాయి. గుట్టంతా అవే! క్రీస్తుశకం తొలి మూడు శతాబ్దాల్లో స్పెయిన్, ఉత్తర ఆఫ్రికాల నుంచి ఆలివ్ నూనె తెచ్చిన జాడీలను ఖాళీ కాగానే పగలగొట్టి ఇక్కడ పోశారు. దాని పేరు మోంటె టెస్టాచ్చో.

పెంకుల సందుల్లో గాలి ఆడుతుంది కాబట్టి లోపల చల్లగా ఉంటుంది. అది కనిపెట్టిన జనం గుట్ట అడుగున గుహలు తొలిచి వైన్ పీపాలు దాచుకున్నారు. వాటి ముందే తిండి అంగళ్లు వెలిశాయి. ద్రాక్ష కోతల అక్టోబరులో ఊళ్లో జనం బళ్లెక్కి ఇటు వచ్చేవారు. తిని, తాగి, సాల్టరెల్లో అనే గెంతుల నాట్యం ఆడేవారు.

ఆ ఆటను కాగితం మీద నిలిపినవాడు చిత్రకారుడు బార్టొలొమేయో పినెల్లి. 1781లో నది అవతలి ట్రాస్టెవెరె పేటలో, దేవుడి విగ్రహాలు చేసే ఇంట్లో పుట్టాడు. 1809లో రోమ్ జనం వేషభాషల మీద 50 చిత్రాల సంపుటి తెచ్చాడు. ఆయన సాల్టరెల్లో బొమ్మల్లో ఆడే జంటలోని స్త్రీ ఏప్రాన్ చెంగును వేళ్ల కొసలతో పట్టి ఎత్తుతుంది. మగవాడి ఒక కాలు నేల మీద, రెండోది గాల్లో. పక్కన ఒకామె చేతిలో టాంబురెల్లో అనే చేతి డప్పు, దాని అంచున లోహపు బిళ్లలు. నడుము ఎటు తిరగబోతోందో సిరా గీతే చెప్పేస్తుంది.

వాటిని ఎక్కువగా కొన్నది విదేశీ యాత్రికులు. వాళ్ల కోసం పేదరికానికి మెరుగులు దిద్దాడన్న మాట ఉంది, అందులో నిజమూ ఉంది. అయినా నాకు పినెల్లి అంటే గౌరవం. బండి తోలేవాడికి పాత రోమన్ విగ్రహాల భుజాలిచ్చాడు, ఎవరినీ వెక్కిరించలేదు. తన పేటవాళ్లు ఆయన కంటికి అంత ఎత్తులో కనిపించారు.

పినెల్లి 1835లో రోమ్‌లోనే కన్నుమూశాడు. అంతకు రెండేళ్ల ముందు, రోమ్‌లో కొన్నాళ్లు గడిపి వెళ్లిన జర్మన్ స్వరకర్త మెండెల్సన్ తన ఇటాలియన్ సింఫనీని లండన్‌లో వినిపించాడు. దాని చివరి భాగం సాల్టరెల్లోనే.

టెస్టాచ్చో గుహల్లో ఇప్పుడు హోటళ్లు నడుస్తున్నాయి. కొన్నింటిలో వెనక గోడకు అద్దం బిగించారు. అన్నం తింటూ రెండు వేల ఏళ్ల నాటి పెంకుల వరసలు చూడొచ్చు. గుట్ట ఎక్కాలంటే మాత్రం ముందుగా అనుమతి తీసుకోవాలి.