రేడియో చీటి – చిల్లర వర్తకుడు

వర్తకమునకు పెట్టుబడి యెంత ముఖ్యమో లెక్కయు నంత ముఖ్యము. వచ్చిన సరుకెంత, అమ్మినదెంత, మిగిలినదెంత అను మూడు ప్రశ్నలకు ఏ దినమున కాదినము సరియైన సమాధానము చెప్పగల వర్తకులు కొలదిమంది. చిట్టా, ఆవర్జాలు శ్రద్ధతో వ్రాయు అంగళ్లలో సైతము ఏటి కొకమారు బీరువాలు దింపి, గుమాస్తాలను రాత్రుళ్లు మేల్కొలిపి, సరుకు నెంచుట పరిపాటి. ఎంచినప్పుడు కాగితముపై నున్నది అలమరలో నుండదు. అలమరలో నున్నది కాగితముపై కానరాదు. ఈ వెలితిని పూరించుటకు ఆర్.ఎఫ్.ఐ.డి. అను సాధనము వచ్చినది. రేడియో తరంగములచే వస్తువును గుర్తించు నీ చిన్నచీటిని మనము రేడియో చీటి అనవచ్చును.

ఈ చీటి మన పాఠకులకు క్రొత్తది కాదు. కారుగల ప్రతి గృహస్థుడును దానిని అద్దమున కంటించుకొని తిరుగుచున్నాడు. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల సుంకపు ద్వారములన్నిట తప్పనిసరి యైన ఫాస్టాగు ఈ జాతిదే. దానిలో బ్యాటరీ లేదు. ఆవగింజకన్న చిన్నదగు చిప్పొకటి, దానిని చుట్టిన పలుచని లోహపు తీగయు మాత్రమే కలవు. పఠనయంత్రము విడుచు తరంగము తగులగానే చీటి ఆ తరంగమునుండియే శక్తిని గ్రహించి, తన సంఖ్యను ప్రతిఫలింపజేయును. ప్రతిఫలించిన తరంగముతో వార్తను పంపవచ్చునని హారీ స్టాక్‌మన్ అను శాస్త్రజ్ఞుడు 1948లోనే వ్రాసెను. అది అంగడికి దిగివచ్చుటకు అరువది సంవత్సరములకు దగ్గరగా పట్టినది.

బార్‌కోడునకును దీనికిని భేదము గ్రహింపదగినది. బార్‌కోడును ఒక్కొక్కదానిని వెలుగున కెదురుగా పట్టి చూపవలెను. రేడియో చీటికి ఆ అగత్యము లేదు. మూటవిప్పని చీరలను, మూతతీయని పెట్టెలను కొన్ని గజముల దూరమునుండి ఒక్క తడవలో వందలుగా చదువవచ్చును. అంతియేకాక బార్‌కోడు సాధారణముగా వస్తువు రకమును చెప్పును. రేడియో చీటి ఆ రకములోని ఈ యొక్క వస్తువును చెప్పును. ఒకే రంగు, ఒకే వెలగల నూరు చీరలకు నూరు సంఖ్యలుండును. ఏది యేనాడు వచ్చినది, ఏది ఆరునెలలుగా కదలక యున్నది అనునది అందుచేతనే తెలియును.

మన ప్రభుత్వమును, రేవులును దీనిని ముందుగనే స్వీకరించినవి. ఎగుమతి కంటెయినర్లకు వేయు ముద్రలలో ఈ చిప్పులను అమర్చుట 2017లో ఆరంభమైనది. కంటెయినర్ల జాడ నెరుగుటకు 2016లో నవశేవా రేవులో మొదలైన పద్ధతి తరువాత విశాఖపట్టణము, కృష్ణపట్టణము మున్నగు రేవులకు వ్యాపించినది. క్రీడావస్తువులమ్ము డెకత్లాన్ సంస్థవారి అంగళ్లలో, హైదరాబాదులో సైతము, కొనినవస్తువులను ఒక తొట్టిలో నుంచినంతనే మొత్తము వెల తెరపై కనబడుచున్నది. రేవునకును, పెద్ద సంస్థకును ఉపకరించినది నయాపూలు చెంతనున్న చిల్లర అంగడికిని ఉపకరించునా అనునదే మన విచారణ.

అఫ్జల్‌గంజి నుండి మూసీని దాటి, ఎడమప్రక్క సాలార్‌జంగు ప్రదర్శనశాలను, కుడిప్రక్క ఉన్నత న్యాయస్థానమును విడిచి, మదీనా కూడలి మీదుగా పత్థర్‌గట్టీ కమానుల క్రిందికి పోవువారికి ఈ ప్రశ్న వస్తురూపమున గోచరించును. అచ్చట చీరలు, కుట్టిన దుస్తులు, ముత్యములు, అత్తరు, బంగారునగలు. ఆవల లాడ్‌బజారులో లక్కగాజులు. నదికి ఈవల బేగంబజారులో ఇత్తడి, ఉక్కు పాత్రలు. అన్నిటికిని ఒకే చీటి సరిపడదు. నీరు ఆ తరంగములను మ్రింగును. లోహము వానిని చెదరగొట్టును. అందుచే అత్తరు సీసాలకును, పాత్రల దొంతరలకును సామాన్యమైన చీటి పనికిరాదు. లోహమునకై వేరుగా చేసిన చీటికి వెల హెచ్చు. నగలకు దారముతో వ్రేలాడగట్టిన చీటి కొంత పనిచేయును. చీరలకును, దుస్తులకును ఇది చక్కగా నమరును. మదీనా వస్త్రవర్తకులే ఇందు ముందడుగు వేయదగినవారు.

ఇచ్చట అమెరికా అనుభవమును స్మరించుట అవసరము. వాల్‌మార్ట్ సంస్థ 2005 జనవరి నాటికి తమ పెట్టెలకు చీటీలు వేయవలెనని తన పెద్ద సరఫరాదారులు నూర్గురకు 2003లో చెప్పెను. చీటీల ఖర్చు సరఫరాదారులది. లెక్కవలన వచ్చు లాభము మొదట కొనువానిది. వ్యయమొకరిది, ఫలమొకరిది యగుటచే ఆ యుద్యమము అనుకొన్న వేగమున సాగలేదు. 2010లో అదే సంస్థ మరల మొదలిడినప్పుడు పెట్టెలను విడిచి దుస్తులకు, ఒక్కొక్క వస్తువునకు, చీటి వేయించెను. ఏ వస్తువునకు తగునో దానికే వేయుటయు, వేసినవానికి ఫలము దక్కుటయు అను రెండు నియమములు ఇందుండి నేర్వదగినవి.

రెండవ నియమమే మన చిల్లర వర్తకునికి ప్రాణము. చీటి వెల కొలది రూపాయలు. చేతి పఠనయంత్రము వెల వేలమీద నుండును. ఈ వ్యయము ఒకసారి పెట్టునది. అసలు చిక్కు లెక్క యుండు చోటనున్నది. నేడు సరుకులెక్క వ్రాయు సాఫ్ట్‌వేరు తరచుగా నెలబాడుగకు దొరకుచున్నది. బాడుగ చెల్లించుట మానిననాడు తన యావర్జా తనకు తెరువబడని వర్తకుని స్థితి యేమి? అతని యంగడిలో ఏ రకము పోవుచున్నది, ఏ రకము నిలిచినది అను మర్మము పరుల చేతిలో నుండి, వారే రేపు అదే సరుకును అతని పొరుగున నమ్మజూచిన గతి యేమి? తాతలనాటి వర్తకుడు సొమ్ము అప్పుగా తెచ్చియుండును గాని, చిట్టాను తాకట్టు పెట్టి యెరుగడు.

గుమాస్తాల మాట విస్మరింపరాదు. లెక్కించు పని తగ్గినచో మనుష్యులను తగ్గింపవచ్చునని కొందరు యజమానులు తలచెదరు. అది దూరదృష్టి కాదు. మడత విప్పి చీర చూపుటకును, బేరము తెగగొట్టుటకును, పాత ఖాతాదారుని పేరుపెట్టి పిలుచుటకును యంత్రము చాలదు. లెక్కలో మిగిలిన వేళను గుమాస్తా కొనువాని సేవలో వినియోగించునట్లు చేయుట యజమాని వివేకము.

కొనువారికిని ఒక హక్కు కలదు. అంగడి దాటిన పిమ్మట ఆ చీటి మాటలాడరాదు. 2003లో బెనెట్టన్ సంస్థ తన దుస్తులలో చీటీలు కుట్టించునను వార్త రాగా ప్రజలు బహిష్కారమునకు పూనుకొనిరి. సంస్థ వెనుకకు తగ్గెను. ఇప్పటి చీటీలలో శాశ్వతముగా నోరుమూయించు ఆజ్ఞ యొకటి అమర్పబడియున్నది. విక్రయ సమయమున దాని నుపయోగించుటయో, చీటిని త్రెంచి యిచ్చుటయో నియమము కావలెను.

ఇంకొక భ్రమనుకూడ తొలగించుకొనవలెను. చీటి సరుకు జాడను చెప్పును గాని సరుకు మేలిమిని చెప్పదు. బంగారపు స్వచ్ఛతకు హాల్‌మార్కు కలదు. 2023 ఏప్రిలు 1 నుండి ఆరక్షరముల గుర్తులేని నగను అమ్మరాదు. లాడ్‌బజారు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. మరమగ్గపు చీరకు పోచంపల్లి యని వ్రాసి చీటి కట్టినచో యంత్రము పోచంపల్లి యనియే చదువును. వ్రాయువాని సత్యసంధతయే చీటికి విలువ.

కావున కర్తవ్యమేమి? ఒక్కొక్క వర్తకుడు ఒంటరిగా అమ్మకపు ప్రతినిధుల మాటలకు లోబడుటకన్న, వీథికొక సంఘముగా నేర్పడి, ఉమ్మడిగా పఠనయంత్రమును కొని, వంతులవారీగా వాడుకొనుట మేలు. మొదట ఒక్క వస్త్రశాఖలో ఒక పండుగకాలము పరీక్షించి, తప్పిన సరుకు, మిగిలిన వేళ, పెట్టిన ఖర్చు లెక్కగట్టవలెను. ఒప్పందములో లెక్క తమదనియు, కోరినప్పుడు పూర్తిగా తమకు ప్రతి యియ్యవలెననియు వ్రాయించుకొనవలెను. తెరపై మాటలు తెలుగునను, ఉర్దూనను ఉండవలెను. లేనిచో గుమాస్తాకు యంత్రము గుదిబండ యగును.

సేరు, తులములతో తూచిన ఈ బజారే 1956నాటి చట్టము పిమ్మట కిలోగ్రాములకు మారినది. ఆనాడు క్రొత్త తూనికరాళ్లు వర్తకుని బల్లమీదికే వచ్చినవి. తక్కెడ అతని చేతిలోనే నిలిచినది. ఈ క్రొత్త తక్కెడయు అట్లే అతని చేతిలో నుండునట్లు చూచుకొనుట నయాపూలు, పత్థర్‌గట్టీ వర్తకుల విధి. వారి సంఘములు ఆలసింపక ఈ విషయమును చర్చకు గైకొనునని ఆశించుచున్నాము.