రేగడి నేలపై ఇసుక పరుపు: అపోహలు – వాస్తవాలు

కుందూ నది పరీవాహకంలోని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. ఈ నేల వేసవిలో నెర్రెలు విచ్చి, వానలకు ఉబ్బుతుంది. దీనికి కారణం మాంట్‌మోరిలొనైట్ అనే బంకమట్టి ఖనిజం. దాని పలుచని పొరల నడుమకు నీరు చేరినప్పుడు అవి ఎడమై మట్టి పొంగుతుంది, ఆరినప్పుడు కుదించుకుపోతుంది. ఇటువంటి నేలపై బేస్‌మెంటులో, అంటే పునాది గోడల మధ్య నింపే భాగంలో, ఇసుక పోసి పైన కాంక్రీటు వేసే పద్ధతి చుట్టూ కొన్ని గట్టి నమ్మకాలు అల్లుకొని ఉన్నాయి.

అపోహ: ఇసుక పోసి రెండు రోజులు నీళ్లు నిలబెడితే అదే కూర్చుంటుంది.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. చెమ్మ ఇసుకను ఒక గ్లాసులో అంచుదాకా నింపి, పైనుంచి నెమ్మదిగా నీరు పోస్తే ఇసుక మట్టం కంటికి కనిపించేలా దిగుతుంది. రేణువులను ఎడంగా పట్టి ఉంచిన పలుచని నీటిపొరలు నీటిలో మునిగాక పట్టు కోల్పోవడమే దీనికి కారణం. అయితే ఆ దిగుబాటుతో ఇసుక పూర్తిగా గట్టిపడదు, దానికి కంపనంతో అదిమే యంత్రం కూడా కావాలి. అంతకంటె ముఖ్యమైన సంగతి అడుగున ఉంది. ఇసుకనేలలో పోసిన నీరు ఇంకిపోతుంది. రేగడిపై, నాలుగు గోడల నడుమ, అది తొట్టిలో నీరులా నిలిచి మట్టిని ఉబ్బిస్తుంది. ఉబ్బిన మట్టిపై పోసిన కాంక్రీటు కింద, మట్టి తరువాత ఆరి కుంగినప్పుడు, బోలు ఏర్పడుతుంది. ఆళ్లగడ్డ నేలలో నీళ్లు కట్టడమంటే మేలుకంటె కీడే ఎక్కువ.

అపోహ: ఇసుక ఎంత మందంగా వేస్తే రేగడి పొంగు అంతగా అణగుతుంది.

వాస్తవం: మందపాటి ఇసుక వానాకాలంలో నీటిని నిల్వచేసి, కింది రేగడికి మెల్లగా అందిస్తుంది. అందుకే బొంబాయి ఐఐటీ ఆచార్యుడు ఆర్.కె. కట్టి వేరే దారి చూపారు: రేగడిని కొంత లోతు తీసివేసి, ఆ స్థానంలో రేణువులు ఒకదానినొకటి పట్టుకొని ఉండి, నీటికి ఉబ్బని మట్టిని సుమారు ఒక మీటరు మందాన అదిమి నింపడం. కొంత బంక కలిగిన మంచి గరుసు ఈ పనికి రావచ్చు, కాని కంటిచూపుతో ఎంచుకోరాదు. ఆరబెట్టి జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలగొట్టాలలో వేసి, ఒకదానిలో నీరు, మరొకదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కనుక, రెండు మట్టాల తేడా దాని పొంగు స్వభావాన్ని తెలుపుతుంది.

అపోహ: అంతా ఒకేసారి నింపి పైన దిమ్మిస కొడితే చాలు.

వాస్తవం: దెబ్బ బలం లోతుకు వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది కనుక పదిహేను సెంటీమీటర్ల పొరలుగా నింపి, ప్రతి పొరనూ విడిగా అదమాలి. గరుసుకు తేమ కూడా తగినంత ఉండాలి. మరీ పొడిగా ఉన్నా, మరీ తడిగా ఉన్నా పూర్తి సాంద్రత రాదని ప్రాక్టర్ అనే అమెరికా ఇంజనీరు 1933లో ప్రచురించిన వ్యాసాలు నిరూపించాయి.

అపోహ: సిమెంటూ ఇనుమూ పెంచితే గచ్చు పగలదు.

వాస్తవం: ఇనుము పగుళ్లను సన్నగా ఉంచగలదు, పొంగే నేలను ఆపలేదు. గోడలకంటె తేలికైన గచ్చు ముందుగా లేస్తుంది.

ఇసుకకు తగిన పని ఒక్కటే: అదిమిన గరుసుపై పలుచగా పరచి మట్టం సరిచేయడం. కాంక్రీటు పోసే వేళ దానిని చెమ్మగా ఉంచితే అది కాంక్రీటులోని నీటిని పీల్చదు. ఇసుకపై ప్లాస్టిక్ పట్టా పరిస్తే కింది తేమ గచ్చుకు ఎక్కదు. ఇంటి చుట్టూ బయటికి వాలుగా చప్టా కట్టి వాననీటిని గోడలకు దూరంగా పంపడం కూడా ఇంతే ముఖ్యం. ఈ ప్రాంతంలో ఇల్లు కట్టదలచినవారు ఇసుక లోడుకు బయానా ఇచ్చే ముందే ఒక గుంట తవ్వించి, ఆ మట్టిని పరీక్షకు పంపాలి.