మీకు తెలుసా? కనురెప్ప చెప్పే నట్టల కబురు

ఎన్నూరు చుట్టుపక్కల, తిరువళ్లూరు, చెంగల్పట్టు వైపు మేసే ఎర్ర గొర్రెలది మద్రాస్ రెడ్ జాతి. ఈశాన్య రుతుపవనాలు కురిసే అక్టోబరు–డిసెంబరు నెలల్లో పచ్చికతో పాటే వాటి కడుపులో నట్టలూ పెరుగుతాయి. అన్నిటిలోకీ చెడ్డది హీమాంకస్. నాలుగో పొట్టలో చేరి ఒక్కోటి రోజుకు దాదాపు 0.05 మిల్లీలీటర్ల రక్తం పీలుస్తుంది. ఇంతేనా అనిపిస్తుంది గానీ, వెయ్యి పురుగులుంటే 50 మిల్లీలీటర్లు! ఆడపురుగు రోజూ వేలల్లో గుడ్లు పెడుతుంది. పెంటికలతో పడ్డ ఆ గుడ్లు వెచ్చటి తేమలో వారం తిరిగేసరికి లార్వాలై తడి గడ్డిపరకలు ఎక్కుతాయి. అందుకే మంచు ఆరాకే మందను తోలాలి.

గొర్రె కింది కనురెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉంటే సరే, పాలిపోతే రక్తం తగ్గినట్టే. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఫమాచా కార్డులో ఇందుకు 5 రంగుల మెట్లున్నాయి. పాలిపోయిన వాటికే మందు తాగించాలి. మంద మొత్తానికీ మాటిమాటికీ అదే మందు పోస్తే, దానికి లొంగని నట్టలే మిగులుతాయి. తమిళనాడులో బెంజిమిడజోల్ రకం మందులకు లొంగని మొండి నట్టలు ఇప్పటికే బయటపడ్డాయి. నత్తల ద్వారా సోకే కార్జపు జలగలకు మాత్రం మందు వేరు, పశువైద్యుణ్ణి అడగాల్సిందే.