త్రుప్పు పట్టిన బోల్టును విప్పు విధము

ఇనుమునకు త్రుప్పు శత్రువని చిన్న తరగతులలోనే చదువుకొనుచున్నాము. ఆ శత్రువు పనిచేయు తీరును కన్నులార జూడగోరు విద్యార్థులు సముద్రపు గాలి తగులు చోట తిరిగిన పాత జీపు నొకదానిని విప్పి చూడవలెను. మురమళ్ళ వృద్ధగౌతమి యొడ్డు గ్రామము. వేసవిలో పైనుండి వచ్చు మంచినీరు తగ్గి, పోటుతో ఉప్పునీరు నదిలోనికి ఎగదన్నును. రొయ్యల చెరువుల గట్లపై తిరుగు బండ్ల అడుగున ఉప్పుబురద ఎల్లప్పుడు అంటియే యుండును.

అట్లు తిరిగిన యొక మహీంద్రా సి.జె.-3బి. జీపును యజమానుని యనుమతితో మా పై తరగతి బాలురును మేమును విప్పితిమి. ఈ నమూనాను విల్లీస్ కంపెనీ అమెరికాలో 1953లో ప్రవేశపెట్టి 1968లో మానివేసెను. మన దేశమున మహీంద్రావారు ఆ తరువాత కూడ చాలకాలము చేసిరి. పక్కనున్న పిడులు, ముందద్దపు చట్రము, వెనుక తలుపు గొలుసుల కొక్కెములు ఊడదీసినగాని రేకులను బాగుచేయుటకు వీలులేదు. వానిని తీయబోయిన రేకులు చినుగును గనుక తుక్కున కమ్ముకొనుడని ఒక పనివాడు యజమానునితో చెప్పియుండెను. అది ఆయన తండ్రి కొన్న బండి, అమ్ముటకు మనసొప్పలేదు.

బోల్టు ఏల బిగిసికొనును? ఇనుము నీటితోను గాలిలోని ఆమ్లజనితోను కూడి త్రుప్పగును. నీటిలో ఉప్పున్నచో విద్యుత్తు సులభముగా ప్రసరించును గనుక ఈ మార్పు త్వరపడును. పుట్టిన త్రుప్పు పోయిన ఇనుముకంటె రెండింతలో, అంతకు మించియో స్థల మాక్రమించును. బోల్టు మరలకును నట్టు మరలకును నడుమ నున్న సందు వెంట్రుకవాసి. అందులో ఉబ్బిన త్రుప్పు మేకు దిగగొట్టినట్లు బిగియును. కావున మన పోరు బోల్టుతో గాదు, ఆ సందులోని పొడితో. ఈ సంగతి గ్రహింపక పొడుగుపాటి గొట్టము తగిలించి బలము చూపువారు బోల్టు మెడ విఱుచుకొందురు.

మొదట తీగెల బ్రష్షుతో బయటికి వచ్చిన మరలను శుభ్రము చేయవలెను. తరువాత చొచ్చుకొనిపోవు నూనె వేయవలెను. అంగడిలో డబ్బాలలో దొరకునది మేలు; అది లేనిచో కిరసనాయిలైనను కొంత పనిచేయును. వేసిన వెంటనే పానా పట్టరాదు. మేము సాయంకాలము వేసి, మఱునాడు ఉదయము మరల వేసి, సుత్తితో బోల్టు తలపై నిటారుగా చిన్న దెబ్బలు కొట్టించితిమి. ఆ యదురునకు త్రుప్పు చిట్లి నూనెకు దారి యేర్పడును. బాలురకు ఈ నిరీక్షణమే అన్నిటికంటె కష్టమైన పాఠమయ్యెను.

పానా విషయమున నొక హెచ్చరిక. ఈ జీపు బోల్టులు అంగుళపు కొలతవి. 5/16 అంగుళపు బోల్టు తలకు 1/2 అంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్ల పానా కావలెను. మన దుకాణములలో చేతికందునది 13 మిల్లీమీటర్లది. ఆ కొద్ది వదులు చాలును, త్రుప్పుచే అరిగిన తల మూలలు గుండ్రనై పోవుటకు. ఆరు మూలల సాకెట్టు వాడుట శ్రేష్ఠము. పండ్రెండు మూలలది జాఱును.

పట్టు దొరకిన పిమ్మట ముందుగా బిగించు దిక్కునకే రవంత త్రిప్పవలెను. వినువారికి వింతగా నుండును గాని, త్రుప్పు పొర తెగుటకు ఏ దిక్కైనను ఒకటే. కదలినదన్నంతనే సంతోషించి ఒక్కబిగిని విప్పరాదు. పావు చుట్టు వెనుకకు, కొంత ముందుకు, మరల నూనె. ఇట్లు పొడిని వెడలించుచు పోవలెను.

ఇంతకును లొంగనిదానికి వేడి చూపవలెను. బోల్టును గాక నట్టును కాల్చవలెను. ఉక్కు 300 డిగ్రీలు వేడెక్కినచో 8 మిల్లీమీటర్ల రంధ్రము 0.03 మిల్లీమీటరు మాత్రమే సాగును. అయినను త్రుప్పు పగులుట కది చాలును. అయితే ఈ జీపున పెట్రోలు తొట్టి డ్రైవరు కూర్చుండు ఆసనము క్రిందనే యున్నది! మేము తొట్టిని ఊడదీయించి దూరముగా పెట్టించినదాక మంట వెలిగింపనీయలేదు. పోసిన నూనెయు అంటుకొనును గనుక తుడిచివేయవలెను. జింకుపూత గల బోల్టు కాలునపుడు లేచు తెల్లని పొగను పీల్చరాదు. కండ్లద్దములు లేని బాలుని సుత్తి దగ్గరకు రానీయరాదు.

కొన్నియెడల నట్టు లోపలి రేకున కతుకబడి యుండును. అతుకు తెగినచో బోల్టుతో కూడ నట్టును తిరుగుచుండును. అప్పుడు పంతము పనికిరాదు. హాక్సాతో తల కోయవలెను. బోల్టు వెల కొద్ది రూపాయలు. రేకు చినిగిన నది మా ప్రాంతపు దుకాణములలో దొరకదు.

18 బోల్టులలో 14 చెక్కుచెదరక వచ్చెను, 3 విఱిగెను, ఒకదాని తల కోసితిమి. విఱిగినవానిని నడిమికి డ్రిల్లు వేసి తొలిచి, ట్యాపుతో మరలను తిరిగి కోయించితిమి. రేకు ఒక్కచోటను చినుగలేదు. కుడిపిడి క్రింద మాత్రము త్రుప్పు తిన్న రంధ్ర మొకటి బయటపడెను. దానికి మాసిక వేయవలసి యున్నది. తిరిగి బిగించునపుడు మరలకు గ్రీజు పూయవలెను. స్టెయిన్‌లెస్ బోల్టులు పెట్టుదుమని బాలురు కోరిరి గాని, ఉప్పునీరు తగులు చోట అవి తాము బాగుగనే యుండి చుట్టునున్న సాదా ఉక్కురేకును త్వరగా తినిపింపగలవు గనుక జింకుపూత గలవే తెప్పించితిమి.