గొర్రెల పిడుదులు – ఊరుమ్మడి పని

గొర్రె చెవికి పట్టిన పిడుదును కాపరి గిల్లి నేలపై పారవేయును. పీడ తొలగినదని తలంచును. కాని పిడుదు జీవితములో అధికభాగము గడచునది నేలపైననే.

థైలేరియా యను సూక్ష్మజీవి గొర్రెల రక్తములో నుండి వ్యాధి కలిగించును. కోలుకొన్న గొర్రెలోను అది చాలకాలము మిగిలియుండును. చూచుటకు మాత్రము ఆ గొర్రె ఆరోగ్యముగనే యుండును. పిల్లపిడుదు దాని రక్తమును త్రాగి, రాలి, గడ్డి మొదళ్లలో కుబుసము విడిచి, పిదప వేరొక మందలోని గొర్రెను పట్టును. అది కరచి రక్తము పీల్చుచుండగా దాని లాలాజలముతో వ్యాధి క్రొత్త గొర్రెకు సంక్రమించును. జ్వరము, భుజము ముందరి గ్రంథుల వాపు, కనురెప్పల లోపలి భాగము పాలిపోవుట దీని గుర్తులు. కడుపులోని పురుగుల వలనను కన్ను పాలిపోవును గనుక కాపరులు పొరబడుట కలదు. రక్తపుచుక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించిననే నిజము తేలును.

ఒక్క ఆసామి తన గొర్రెలను మందునీటిలో ముంచిన ఫలమేమి? బీడు అందరిదియు నొక్కటే. పంచాయతీ సభ్యులు పశువైద్యుని సంప్రదించి, ఊరి మందలన్నింటికిని ఒకేదినమున మందుస్నానము చేయించి, ఆయన చెప్పిన గడువున మరల చేయింపవలయును. కలసి మేయు మేకలను విడువరాదు. ఆడపిడుదు వేలకొలది గ్రుడ్లు పెట్టునది దొడ్డిగోడల పగుళ్లలో, చెత్త క్రింద. ఆ పగుళ్లను పూడ్పింపవలెను. ఏరిన పిడుదులను నేలపై పారవేయక కిరసనాయిలు పోసిన డబ్బాలో వేయవలెను.